నూకాలు అంబలిలో ఏటున్నాది

నూకాలు ఇరవై రెండేళ్ళపాటు నెత్తిన చేపల తట్ట పెట్టుకుని విశాఖ పాతపట్నం వీధులన్నీ తిరిగింది. ఇరవై మూడో ఏట కుడి మోకాలు మొరాయించింది. డాక్టరు ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పట్టుకుని చూసి, ఇక మీద బరువులు మొయ్యొద్దన్నాడు.

"మరి సేపలో?" అంది నూకాలు.

"చేపలు కూడా బరువే" అన్నాడు డాక్టరు.

ఒకచోట కూర్చుని అమ్ముకోగలిగింది ఏముందా అని వారం రోజులు ఆలోచిస్తే ఆమెకి తోచింది సోడంబలి ఒక్కటే. మిగతా ఊళ్ళవాళ్ళు రాగులనేవాటిని ఇక్కడ చోళ్ళంటారు. నూకాలు నోట అవి సోళ్ళు. రాత్రి పడుకోబోయే ముందు చోడిపిండిని నీళ్ళలో కలిపి కుండలో పెడుతుంది. తెల్లవారేసరికి అది పులిసి పైన నురగ కడుతుంది. గుప్పెళ్ళతో కొలిచి నూకలు ఉడికించి, అందులో ఈ పులిసిన పిండి పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో తిప్పుతూనే ఉంటుంది. చల్లారాక పల్చటి మజ్జిగ, ఉప్పు. గ్లాసులో పోసినప్పుడు పైన ఉల్లిపాయ ముక్కలు, అడిగినవాళ్ళకి ఒక పచ్చిమిరపకాయ. అంతే.

దాన్ని అమ్మొచ్చని ఆమెకి యాభై రెండేళ్ళు వచ్చేదాకా తెలీదు. ఆమె చిన్నప్పుడు ఇంట్లో పూటపూటా అంబలి తాగుతున్నారంటే బియ్యం నిండుకున్నాయని అర్థం. అందుకే గుమ్మం ముందు కూర్చుని తాగేవాళ్ళు కాదు, లోపల తాగేవాళ్ళు. ఇప్పుడు అదే అంబలిని జనం కార్లు ఆపి, నడిరోడ్డు మీద నిలబడి, ఫొటోలు తీసుకుంటూ తాగడం ఆమెకి మొదటి నెలంతా వింతగా ఉండేది. తరవాత అలవాటైపోయింది.

ఆమె కూర్చునేది బీచ్‌రోడ్డులో పాతపట్నం వైపు చివర, హార్బరులోకి వెళ్ళే ఓడలు కనిపించేచోట. రెండు డేగిసాలు, ఒక బకెట్టు, ఒక పీట. పొద్దున్న అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. అక్కడ నడకకి వచ్చేవాళ్ళలో సగం మంది రిటైరైనవాళ్ళు, మిగతా సగం త్వరలో రిటైరయ్యేవాళ్ళు. వాళ్ళు గ్లాసు చేతిలోకి తీసుకునే ముందు ప్రశ్నలేస్తారు.

"ఇందులో కాల్షియం ఎంతుంటుందమ్మా?"

"తెలీదు బాబూ. ఉప్పు సరిపోనాదో నేదో సూడండి."

ఉప్పు సరిపోయేది. అలా ఏడాదిన్నర గడిచింది. రోజుకి అరవై గ్లాసులకి తక్కువ కాకుండా వెళ్ళేది.

ఆ తరవాత సంక్రాంతి వెళ్ళిన వారానికి రోడ్డుకి అవతల ఒక తెల్ల వ్యాను వచ్చి ఆగింది. దాని పక్క తలుపు పైకి లేపితే అదే నీడ. లోపల ఇద్దరు మనుషులు, చేతులకి తొడుగులు, నెత్తిన టోపీలు. వాళ్ళు అమ్మేదీ చోడి జావే, కాని దాని పేరు మిల్లెట్ డ్రింక్. వ్యానుకి నిలువెత్తు ఫ్లెక్సీ. దాని మీద కండలు తిరిగిన ఒక మనిషి బొమ్మ, బొమ్మ పక్కన గళ్ళు గీసి మాంసకృత్తులింత, ఇనుమింత, పీచింత అని అంకెలు. ఆ అంకెలన్నీ నిజమో కాదో గాని, వరసగా మాత్రం ఉన్నాయి. రెండు వారాల్లో నూకాలు గ్లాసులు అరవై నుంచి పద్నాలుగుకి పడిపోయాయి.

ఇంటికొచ్చి మొగుడు రాముతో చెప్పింది. రాము వల బాగుచేసుకుంటూ విన్నాడు.

"సముద్రంలోనూ అంతే. పక్క బోటోడికి పడ్డ రోజు మనకి పడదు" అని మళ్ళీ వలలో పడ్డాడు.

ఆమె వెళ్ళి నజీర్ అహ్మద్‌తో చెప్పుకుంది. నజీర్ పాతపట్నంలో బోర్డులు రాసే పెయింటరు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఏ దుకాణం మీద అక్షరం చూసినా అతని చేతిదే. ఫ్లెక్సీలొచ్చాక అతనికి మిగిలింది హార్బరులో బోట్ల పేర్లు, వాటి నంబర్లు. అతనింటికి నూకాలు ఇరవై ఏళ్ళు చేపలేసింది. అతని భార్య నూరున్నీసా ఏ చేప పట్టుకున్నా మొప్పలు ఎత్తి చూడకుండా తీసుకున్నది లేదు. అలా మొదలైన పరిచయం.

"నీకు బోర్డు లేకపోవడమే లోపం నూకాలప్పా" అన్నాడు నజీర్. "వాడిది ఫ్లెక్సీ. ఆరు నెలలకి ఎండకి వెలిసిపోద్ది. నాను రాస్తే పదేళ్ళుంటాది."

మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూటు వాళ్ళ రేకు బోర్డు ఒకటి అతని ఇంటి వెనక పడి ఉంది. అయిదడుగుల ఎత్తు. దాన్ని గీకి, తెల్లరంగు పూసి, పైన ఎర్రటి అక్షరాల్లో, ఒక్కోదాని కింద నల్లటి నీడతో 'నూకాలు సోడి అంబలి' అని రాశాడు. అది రాసేసరికి అడుగున్నర అయింది. కింద మూడున్నర అడుగులు ఖాళీ మిగిలింది.

ఖాళీ అంటే నజీర్‌కి గిట్టదు. ఖాళీ వదిలితే పని సగంలో ఆపి వెళ్ళిపోయినట్టు ఉంటుందని అతని నమ్మకం. కాసేపు బ్రష్షు పట్టుకుని ఆలోచించి, ముందు తనకున్న గ్యాసు రాశాడు. దాని కింద భార్య మోకాళ్ళ నొప్పులు. తరవాత అత్తగారి షుగరు, బావమరిది బి.పి., నిద్ర పట్టకపోవడం, అరికాళ్ళ మంటలు. ఇంట్లోవాళ్ళ జబ్బులన్నీ అయిపోయినా రెండు వరసలు మిగిలితే పక్కింటివాళ్ళవి వేశాడు. మొత్తం పదిహేడు. అట్టడుగున పచ్చరంగుతో 'సమూలంగా నయమగును' అని రాసి, బోర్డుకి దూరంగా జరిగి నిలబడి చూసుకున్నాడు. ఎక్కడా ఖాళీ లేదు.

నూకాలు చదివింది నాలుగో తరగతి. ఒక్కో అక్షరమే కూడబలుక్కుని కింద దాకా వచ్చింది.

"ఇయన్నీ తగ్గిపోతాయేటి భాయ్?"

"తాగితే చెరుపేమైనా ఉందా?"

"నేదు."

"అయితే మంచిదే కదా" అన్నాడు నజీర్.

ఆ తర్కంలో ఆమెకి తప్పేమీ కనిపించలేదు. బోర్డుని దీపస్తంభానికి తీగతో కట్టించింది. నెల తిరిగేసరికి గ్లాసులు వంద దాటాయి. జనం ముందు బోర్డు చదివి, తమ జబ్బు ఎన్నో వరసలో ఉందో వెతుక్కుని, అప్పుడు గ్లాసు అడిగేవాళ్ళు. బోర్డు మీద లేని జబ్బు ఉన్నవాడు కూడా, దగ్గర్లో ఉన్న ఏదో ఒక జబ్బుతో సర్దుకుని తాగి వెళ్ళేవాడు.

వాళ్ళలో కొండలరావు ఒకడు. పోర్టులో ముప్పై నాలుగేళ్ళు క్రేను నడిపి రిటైరైనవాడు. అరవై ఆరేళ్ళుంటాయి. ఆయన ఉద్యోగమంతా పైన కేబిన్లో ఒంటరిగా కూర్చుని కింద బోర్డు మీద ఏం రాసుందో చూసి చెయ్యడమే. ఎన్ని టన్నులని రాసుంటే అన్నే ఎత్తాలి, ఆగమని రాసుంటే ఆగాలి. రాసినదాన్ని నమ్మకపోతే మనుషులు పోతారని ఆయనకి మొదటిరోజే చెప్పారు. ముప్పై నాలుగేళ్ళలో ఆయన క్రేను కింద ఒక్కడికీ దెబ్బ తగల్లేదు.

అటువంటి మనిషి నూకాలు బోర్డు ముందు చేతులు వెనక్కి కట్టుకుని రెండుసార్లు చదివాడు. మూడో వరసలో షుగరు ఉంది. ఆయనకి పన్నెండేళ్ళ నుంచీ షుగరు. ఫిబ్రవరిలో రోజుకి ఒక గ్లాసుతో మొదలుపెట్టాడు. మార్చికి నాలుగు గ్లాసులు, పైగా ఇంటికి ఒక సీసా.

మార్చి చివర ఒకనాడు గ్లాసు అందుకుంటూ, "ఒగ్గేసినాను నూకాలమ్మా. పది రోజులైంది" అన్నాడు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ చుట్ట కనిపించేది. నూకాలు దాని గురించే అనుకుంది.

"మంచి పని సేసినారు బాబూ. దాని వల్ల ఒరిగిందేటున్నాది?"

"అదే కదా. పన్నెండేళ్ళు ఊరికే మింగేను" అన్నాడు కొండలరావు.

చుట్టని ఎవరైనా మింగుతారా అని ఆమె ఆ క్షణాన ఆలోచించలేదు. వెనకాల ఎనిమిది మంది గ్లాసుల కోసం నిలబడి ఉన్నారు.

తరవాత మూడు వారాల్లో కొండలరావు సన్నబడ్డాడు. నడకకి వచ్చేవాళ్ళంతా ఆయన్ని ఆపి, ఏం చేస్తున్నారో చెప్పమని అడిగారు. ఆయన వేలితో బోర్డు చూపించేవాడు. నూకాలుకి గర్వంగానే ఉండేది. ఆయన మాటిమాటికీ మంచినీళ్ళు అడగడం, మాటిమాటికీ గోడ చాటుకి వెళ్ళి రావడం ఆమె చూసింది. ఎండలు ముదిరాయి కదా అనుకుంది.

ఏప్రిల్లో ఒక మంగళవారం ఏడు గంటలప్పుడు ఆయన వచ్చి సముద్రం గట్టు మీద కూలబడినట్టు కూర్చున్నాడు. నూకాలు గ్లాసు తీసుకెళ్ళి చేతికిచ్చింది. ఆయన చేతిలో నిలవక ఒలికిపోతుంటే గ్లాసు మళ్ళీ ఆమే పట్టుకుంది. ఆయన ఏదో అన్నాడు గాని మాట ముద్దగా వచ్చింది, తరవాత పక్కకి ఒరిగిపోయాడు. ఆమె డేగిసాలు అలాగే వదిలేసి, ఇద్దరు మనుషుల సాయంతో ఆయన్ని ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అక్కడ మెట్లెక్కుతున్నప్పుడు చూసుకుంటే ఖాళీ గ్లాసు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసుది. షుగరు అయిదువందల నలభై ఉందని చెప్పింది. అరగంటకి కొండలరావు భార్య తవిటమ్మ వచ్చింది. ఆమె చేతిసంచిలో బిళ్ళల అట్టలున్నాయి. ఒక్కటి కూడా చింపలేదు.

"బీరువాలో బట్టల కింద దొరికినాయి. ఏసుకుంతన్నాననే చెప్తన్నారు రోజూ" అంది తవిటమ్మ.

"ఎందుకు మానేశారు?" అంది డాక్టరమ్మ.

"ఏదో బోర్డు మీద రాసుందంట. అంబలి తాగితే నయమైపోద్దని."

"ఏ బోర్డు?"

నూకాలు గోడ దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకి వేసింది.

"నాదేనమ్మా" అంది.

డాక్టరమ్మ ఆమెని పైనుంచి కిందకి చూసింది. తిడుతుందనుకుంది నూకాలు. తిడితే బాగుండేది. ఆమె ప్రశ్న వేసింది.

"ఏముంటుంది అందులో?"

"సోళ్ళు. నూకలు. మజ్జిగ. ఉప్పు."

"ఎంతెంత?"

"సేత్తో ఏత్తానమ్మా."

డాక్టరమ్మ ఆ మాటని కాగితం మీద రాయలేదు. అంబలి విషం కాదు గాని, షుగరు ఉన్నవాళ్ళు బిళ్ళలు మానేసి రోజుకి లీటరు పైగా జావ తాగితే ఇలాగే అవుతుందని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. తవిటమ్మ బల్ల మీద కూర్చుని అట్టలన్నీ మళ్ళీ సంచిలో సర్దుకుంది.

"పన్నెండేళ్ళబట్టి డాక్టర్లు రాసిన చీటీలు మా ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నీ బోర్డు మాత్రం బాగా అర్థమయ్యేలాగ రాయించేవు" అంది. కోపంగా కూడా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది.

కొండలరావు ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. బతికాడు.

ఆ మంగళవారమే నూకాలు బీచ్‌కి తిరిగొచ్చి బోర్డు విప్పించి, అక్షరాలు గోడవైపు తిప్పి పెట్టింది. మూడు రోజులు అంబలి కాయలేదు. అన్నం ముందు కూర్చుంటే 'మంచి పని సేసినారు బాబూ' అని తను అన్న మాట తనకే వినిపించేది. బోర్డు రాసింది నజీరే గాని, ఆ మాట అన్నది తను. దాన్ని ఏ రంగు పూసి చెరపాలో ఆమెకి తెలీలేదు.

కొండలరావు ఇంటికొచ్చాడని తెలిసి చూడ్డానికి వెళ్ళింది. ఆయన మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తవిటమ్మ చక్కెర లేని టీ ఇద్దరికీ ఇచ్చింది.

"బాబూ, ఒగ్గేసినానని మీరు సెప్పినప్పుడు నాను సుట్ట అనుకున్నాను" అంది నూకాలు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఆమె ఇంటి దగ్గర్నుంచి దారంతా కూడగట్టుకుంటూ వచ్చింది.

కొండలరావు టీ గ్లాసు కింద పెట్టాడు.

"చుట్ట ఎందుకు మానేస్తాను?" అన్నాడు. మళ్ళీ ఆయనే, "బోర్డు తీసేసేవంట కదా. మరి మిగతా పదహారు జబ్బుల మాటేటి?" అని అడిగాడు.

"అయీ తెలీదు బాబూ. అసలు అందులో ఏటున్నాదో నాకే తెలీదు."

"తెలుసుకోవాలి మరి. లోడెంతో తెలీకుండా ఎత్తకూడదు" అన్నాడు కొండలరావు. తవిటమ్మ లోపల్నుంచి, ఎత్తింది చాలు పడుకోమంది.

నూకాలు నేరుగా నజీర్ ఇంటికెళ్ళింది. జరిగినదంతా విని నజీర్ చేతిలో ఉన్న బ్రష్షు డబ్బాలో పెట్టేశాడు.

"ఆ మూడున్నర అడుగులూ ఖాళీగానే వదిలేయాల్సింది అప్పా" అన్నాడు. ముప్పై అయిదేళ్ళ వృత్తిలో అతను అటువంటి మాట అనడం అదే మొదలు.

నజీర్ కూతురు సుమయ్యా దువ్వాడ దగ్గర ఒక కాలేజీలో ఆహారశాస్త్రం చదువుతోంది. నాన్న పక్కన నిలబడి అంతా విన్నది. "మా కాలేజీలో ల్యాబ్ ఉంది పిన్నీ. ఏముందో, ఎంతుందో కొలిచి చెప్తారు. మా సుధారాణి మేడమ్‌ని అడుగుతాను. మీరు ఒక సీసాలో పోసుకుని నాతో రండి" అంది.

నూకాలు వెళ్ళిన రోజు మే నెల ఎండ. అంబలిని రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలో నిండా పోసి, మూత బిగించి, ఒళ్ళో పెట్టుకుని సుమయ్యా పక్కన బస్సులో కూర్చుంది. పులిసిన అంబలి, మజ్జిగ, బిగించిన మూత, బస్సు కిటికీలోంచి ఎండ. గాజువాక దాటేసరికి సీసా గట్టిపడింది. నూకాలు దాన్ని వేలితో నొక్కి చూసి, ఏదో తేడాగా ఉందని సుమయ్యాకి చెప్పేలోపే మూత పేలి పైకి పోయింది. దాని వెనకే అంబలి. ముందు సీట్లో ఆయన తెల్లచొక్కా వీపంతా చోడి రంగైపోయింది. డ్రైవరు బస్సు పక్కకి తీసి ఆపాడు.

కండక్టరు వచ్చి చూశాడు. "ఏటిది?"

"అంబలి బాబూ."

"పేలిందేటి మరి?"

"తెలీదు బాబూ. తెలుసుకుందామనే తీసుకెల్తన్నాను."

ముందు సీటాయన వేలికంటినది నాకి చూసి, రుమాలుతో మెడ తుడుచుకుంటూ, బాగా పులిసిందమ్మా, ఇంకొంచెం ఉప్పు పడాలన్నాడు. నూకాలు ఆయనకి క్షమాపణ చెప్పుకుంది గాని, ఉప్పు మాత్రం సరిపోయిందనే ఇప్పటికీ అంటుంది.

మర్నాడు సుమయ్యా ఐసు పెట్టె సంపాదించింది. మూత వదులుగా పెట్టారు. ఈసారి అంబలి దువ్వాడ దాకా చేరింది.

సుధారాణి మేడమ్ కళ్ళజోడు పెట్టుకున్న సన్నటి మనిషి. ఎక్కువ మాట్లాడదు. ముందు ఎలా కాస్తావో చెప్పమంది. నూకాలు చెప్పింది. మేడమ్ రాసుకుంటూ ఒకచోట ఆగింది.

"పిండి రాత్రే ఎందుకు నానబెడతారు?"

"పొద్దున్న టైముండదమ్మా."

"అలా పులిస్తే అందులో ఉన్న ఇనుము, కాల్షియం ఒంటికి ఎక్కువ పడతాయి. చేసినవాళ్ళకి తెలుసో లేదో గాని, పద్ధతి మంచిది."

"మా అమ్మకీ టైముండేది కాదు" అంది నూకాలు.

పది రోజుల తరవాత రమ్మన్నారు. వెళ్తే మేడమ్ ఒక కాగితం బల్ల మీద పెట్టి, నూకాలుని ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్కో వరసా చదివింది.

"మీ గ్లాసు పావు లీటరు. అందులో నూటికి ఎనభై ఏడు వంతులు నీళ్ళు."

నూకాలు మిగతాది వినలేదు. "నీళ్ళా?"

"నీళ్ళే. మజ్జిగలో ఉన్నవి, ఉడికించినప్పుడు పోసినవి."

"అంటే ఇన్నాళ్ళూ నాను నీళ్ళమ్మినానా?"

"పాలలో కూడా అంతే ఉంటాయి. పుచ్చకాయలో ఇంకా ఎక్కువ" అంది మేడమ్. తరవాత మిగతావి చదివింది. బలం, అంటే కేలరీలు, నూటపది. మాంసకృత్తులు మూడు గ్రాములు, అరగుడ్డులో ఉన్నంత. కాల్షియం నూటముప్పై మిల్లీగ్రాములు. మనిషికి రోజుకి వెయ్యి కావాలి. డాక్టర్లిచ్చే కాల్షియం బిళ్ళ ఒకదానికి మీ గ్లాసులు నాలుగు సమానం. పీచు కొంచెం. ఇనుము ఇంకా కొంచెం. పులిసినది కాబట్టి కడుపుకి మంచిది. ఎండలో నడిచొచ్చినవాళ్ళకి ఆ నీళ్ళూ ఉప్పూ కూడా మంచివే.

"షుగరు?" అంది నూకాలు. ఆమె వచ్చిందే దానికోసం.

"తగ్గదు. చోడి గింజలో ఉన్నదీ పిండిపదార్థమే, బియ్యంలో ఉన్నట్టే. పైగా జావ కాస్తే తొందరగా అరుగుతుంది, షుగరు తొందరగా పెరుగుతుంది. షుగరున్నవాళ్ళు ఒక గ్లాసు తాగొచ్చు, ఆ పూట తినే తిండిలో అంత తగ్గించుకుని. బిళ్ళలు మాత్రం మానకూడదు."

"మోకాళ్ళ నొప్పులు?"

"మీకు తగ్గాయా?"

"నేదు."

"మరి" అంది మేడమ్.

నూకాలు బోర్డు మీది పదిహేడూ గుర్తున్నంతవరకు అడిగింది. మేడమ్ పదిహేడింటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. జవాబులన్నీ ఇంచుమించు ఒకటే. కాగితం మడిచి రవికలో దోపుకుని నూకాలు లేచింది. నిరాశగా ఉందా అని సుమయ్యా బస్సులో అడిగితే, "నేదే. ఎనభై ఏడు పోగా పదమూడున్నాది కదా" అంది.

ఆ కాగితాన్ని నజీర్ రెండుసార్లు చదివాడు. అంతా బాగానే ఉంది గాని, నీళ్ళ వరస రాయనన్నాడు.

"ఎవరైనా తన సరుకులో నీళ్ళున్నాయని బోర్డు మీద రాసుకుంటారా అప్పా? పాలోళ్ళు రాసుకున్నారా ఏనాడైనా?"

"ఆలు కలుపుతారు భాయ్. నాను కలపనేదు. అది ఉన్నదే."

"చివర్న రాస్తాను. చిన్నగా."

"మేడమ్ మొదట సదివింది. మొదటే రాయి."

నూరున్నీసా వంటింట్లోంచి, రాయమంటే రాయక అంత బేరమేమిటని కసిరింది. నజీర్ పాత అక్షరాలు గీకేశాడు. 'సమూలంగా నయమగును' మీది పచ్చరంగు మాత్రం మూడు పూతలు వేసినా లోపల్నుంచి తొంగిచూస్తుంటే నాలుగో పూత వేశాడు. ఈసారి వరసలు ఏడే. మొదటిది 'నీళ్ళు: నూటికి 87'. ఆఖరిది, ఎర్రరంగుతో, 'ఇది మందు కాదు. మీ బిళ్ళలు మానవద్దు'. వరసల మధ్య బోలెడంత ఖాళీ ఉంది. నజీర్ దానికేసి చూడకుండా బ్రష్షులు కడుక్కున్నాడు.

బోర్డు కట్టిన మొదటివారం బేరం బాగా తగ్గింది. కొందరు చదివి నవ్వి వెళ్ళిపోయారు. ఒకాయన, పాత బోర్డే బాగుంది, దాన్ని చదువుతుంటే సగం జబ్బు తగ్గినట్టు ఉండేదన్నాడు. వ్యాను మనిషి ఒకడు టోపీ తీసి చేత్తో పట్టుకుని రోడ్డు దాటి వచ్చి, మొత్తం చదివి, "నీళ్ళని ఎందుకు రాసేవు పిన్నీ?" అని అడిగాడు.

"కొలిపించినాను బాబూ. మీదాన్లో ఎంతున్నాయి?"

అతను తెలీదన్నాడు. ఒక గ్లాసు తాగి వెళ్ళాడు.

రోజులు గడిచేకొద్దీ నూకాలుకి ఇంకో అలవాటైంది. షుగరున్నవాళ్ళని ఆమె మొహాలు చూసి గుర్తుపట్టేది. గ్లాసు ముంచి చేతికివ్వకుండా ముందు "బిళ్ళ ఏసుకున్నారా?" అని అడిగేది. వేసుకున్నామనేవాళ్ళు. ఏ రంగు బిళ్ళ అని అడిగేది. రంగు చెప్పడానికి తడుముకున్నవాళ్ళకి గ్లాసు ఇవ్వలేదు. ఒక రిటైర్డ్ ఆఫీసరు చిన్నబుచ్చుకుని వారం రోజులు మానేశాడు. ఎనిమిదో రోజు వచ్చి, తెలుపు, పొడుగ్గా ఉంటుంది, మధ్యలో గీత ఉంటుంది అని తనే ముందుగా చెప్పాడు.

జూన్‌లో వాన పడ్డాక కొండలరావు నడకకి వచ్చాడు. కర్ర పట్టుకుని, తవిటమ్మ పక్కన. నూకాలు ఆయన్ని దూరంనుంచే చూసి డేగిసా మూత తీసింది, మళ్ళీ పెట్టింది. ఆయన బోర్డు ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, మొదట్నుంచి చివరిదాకా చదివాడు. రెండోసారీ చదివాడు.

"ఎనభై ఏడేనా?" అన్నాడు కొండలరావు.

"ఎనభై ఏడే బాబూ. కాగితమున్నాది."

"పెద్ద మిషన్లోనే కొలిచేరా?"

"పెద్దదే."

ఆయన తలూపి, చొక్కా జేబులోంచి చింపిన బిళ్ళల అట్ట తీసి చూపించాడు. నూకాలు దాన్ని చేతిలోకి తీసుకుని, ఖాళీ అయిన గుంటలన్నీ వేలితో తడిమి, తవిటమ్మకేసి చూసింది. తవిటమ్మ అవునన్నట్టు కళ్ళతో చెప్పింది. అప్పుడు ఒక గ్లాసు ముంచింది. ఆయన గట్టు మీద కూర్చుని నెమ్మదిగా తాగాడు. రెండోది అడగలేదు. అడిగినా ఇచ్చేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

ఆయన తాగుతుండగా ముప్పై అయిదేళ్ళ కుర్రాడొకడు పరిగెత్తడం ఆపి, ఆయాసపడుతూ వచ్చి నిలబడ్డాడు. నెత్తిమీద ముందు భాగమంతా బట్టతల.

"అంబలి తాగితే జుట్టు ఊడ్డం తగ్గుద్దంటారు, నిజమేనా అండీ?"

"బోర్డు సూడండి బాబూ" అంది నూకాలు.

అతను చూశాడు. పైనుంచి కిందకి, మళ్ళీ కిందనుంచి పైకి.

"జుట్టు గురించి ఏమీ లేదు."

"నేదు."

అతను ఊపిరి తీసుకుంటూ సముద్రంకేసి చూశాడు. బయటి నుంచి ఒక ఓడ హార్బరులోకి వస్తోంది. ముందున్న చిన్న టగ్గు పడవ దాన్ని లాక్కొస్తోంది.

"సరే, ఒకటియ్యండి" అన్నాడు. "ఉల్లిపాయలు కొంచెం ఎక్కువేయండి."